పరదేశపు రుచిని ఇంటిదాకా తెచ్చుకోవడం: మహానగరంలో విదేశీ వంటకాలకూ ప్రత్యేక సరుకుల దుకాణాలకూ ఒక మార్గదర్శి

మహానగరంలో ఉండేవారికి దూరదేశాల వంటలు ఒక బస్సు ప్రయాణమంత దగ్గరలోనే దొరుకుతాయి. అయినా ఈ వారం ఒక దేశం, వచ్చే వారం మరొక దేశం అంటూ తిరిగేవారిలో చాలామందికి ఏడాది గడిచాక గుర్తుండేది భోజనశాల గోడల రంగే తప్ప తిన్నదాని రుచి కాదు. నేనూ మొదట అలాగే తిరిగాను. ఆ తిరుగుడు ముగిసేసరికి నా వంటింటి అరలో ఒక్కసారి మాత్రమే మూత తీసిన సీసాలు పదకొండు మిగిలాయి; వాటిలో కొన్నింటిని ఎందుకు కొన్నానో, పారేసేనాటికి నాకే గుర్తులేదు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఆ సీసాలు నేర్పినదే. ఒక సమయంలో ఒక్క వంటశైలినే పట్టుకోవాలి. అందులోని ఒక వంటకాన్ని ముందు బయట తినాలి, తరువాత దాని రుచికి ఆధారమైన ఒకే ఒక దినుసును కొనాలి, ఆపైనే ఇంట్లో వండాలి. ఈ వరుస తిరగబడితే పని చెడుతుంది, ఎందుకంటే అసలు రుచి ఎలా ఉండాలో నాలుకకు తెలియనప్పుడు వండినది కుదిరిందో లేదో తేల్చుకునే దారి ఉండదు. కుదరలేదనిపిస్తే తప్పు దినుసుదా, చేతిదా అన్నదీ తెలియదు.

1. దేశాన్ని కాదు, వంటకాన్ని ఎంచుకోవడం

"చైనా వంట" అన్న మాట పెద్దది. అందులోని సిచువాన్ శైలి ఎండుమిరప కారాన్నీ, నాలుకను తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాన్నీ కలిపి వాడుతుంది. కాంటన్ శైలి ఆవిరి మీద ఉడికించిన చేపకు అల్లం, ఉల్లికాడలు, కొంచెం సోయా సాస్ చాలనుకుంటుంది. ఒకటి తిని రెండోదాని గురించి అభిప్రాయం ఏర్పరచుకోవడం సరికాదు. కాబట్టి ప్రాంతం దాకా దిగి, ఆ ప్రాంతంవారు పండగనాడు కాక మామూలు రోజున తినే వంటకాన్ని పట్టుకోవడం మేలు. పండగ వంటకాలు శ్రమతోనూ, ఖర్చుతోనూ కూడినవి. వాటిని ఇంట్లో మళ్లీ చేయడం కష్టం. వియత్నాంవారి నూడుల్స్ రసం ఫో, ఇథియోపియాలో పుల్లని అట్టు మీద కూరలు వడ్డించే ఇంజెరా పళ్లెం, పులిసిన సోయా ముద్ద మిసోతో చేసే జపాన్ సూప్, మెక్సికో మొక్కజొన్న రొట్టె టోర్టియా వంటివి మొదటి ప్రయత్నానికి అనువైనవి. వీటిలో ప్రతిదానికీ వెన్నెముకలాంటి దినుసు ఒక్కటే ఉంటుంది: ఫోకు చేప సాస్, ఇంజెరాకు టెఫ్ అనే చిరుధాన్యపు పిండి, సూప్‌కు మిసో, టోర్టియాకు సున్నపు నీటిలో ఉడికించిన మొక్కజొన్న.

ఒక్కొక్క వంటకానికి నెల రోజులు కేటాయించవచ్చు. అంతకంటే తొందరపడితే రెండోసారి తినే అవకాశం పోతుంది, నిజానికి రుచి తెలిసేది రెండోసారే.

2. దుకాణం దొరికితే భోజనశాల దొరికినట్టే

చాలామంది ముందు భోజనశాల కోసం వెతుకుతారు. నేను సరుకుల దుకాణం కోసం వెతకమంటాను. ఒక దేశం నుంచి వచ్చినవారు నగరంలో ఒకచోట స్థిరపడినప్పుడు వారికి రోజూ అవసరమైనది సొంత సరుకులు దొరికే దుకాణమే. దాని చుట్టుపక్కలే వారు తినే చిన్న భోజనశాలలు పుట్టుకొస్తాయి. సావో పాలోలోని లిబర్దాజి జపనీయులకూ, పారిస్ 13వ విభాగం వియత్నామీయులకూ చైనీయులకూ, లండన్ శివారులోని న్యూ మాల్డెన్ కొరియన్లకూ అలా నెలవులైనవే. స్వదేశానికి డబ్బు పంపే కౌంటర్లు, ఆ భాషలో బోర్డులున్న క్షౌరశాలలు, ఆ సమాజంవారి ప్రార్థనాలయం ఒకే వీధిలో కనిపిస్తే మీరు సరైన చోటికి వచ్చినట్టే.

దుకాణంలోకి వెళ్లి, "మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని గల్లా దగ్గర ఉన్నవారిని అడగండి. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే, మీకు నచ్చుతుందని వారు ఊహించిన చోటు చెబుతారు, మొదటి ప్రశ్నకు మాత్రం తాము తినే చోటు చెబుతారు. ఇంటర్నెట్‌లో ఇచ్చే నక్షత్రాలను నేను పెద్దగా పట్టించుకోను. వడ్డన ఆలస్యమైందనీ, కుర్చీలు ఇరుకనీ రాసిన ఫిర్యాదులే ఆ నక్షత్రాలను తగ్గిస్తుంటాయి, వంట గురించి అవి చెప్పేది తక్కువ. పది పన్నెండు వంటకాలకు మించని మెనూ, భోజన వేళకు ఆ భాషవారితో నిండే బల్లలు, ఈ రెండూ ఉన్నచోట నమ్మకంగా కూర్చోవచ్చు.

3. బల్ల దగ్గర కూర్చున్నాక

ఒక ఫో గిన్నెను దగ్గరగా చూద్దాం. పశువు ఎముకలను గంటల తరబడి సన్నని సెగ మీద మరగనిచ్చి, మాడ్చిన అల్లం, మాడ్చిన ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి తీసిన రసం అది. దాన్ని బియ్యపు నూడుల్స్ మీద, పలుచగా కోసిన మాంసం మీద పొగలు కక్కుతుండగా పోస్తారు. దక్షిణ వియత్నాం పద్ధతిలో పక్కనే ఒక పళ్లెంలో పెసర మొలకలు, తులసి జాతి ఆకులు, నిమ్మ ముక్క, మిరప ముక్కలు, రెండు మూడు సాస్‌లు పెడతారు. ఉత్తరాది పద్ధతిలో ఈ హంగు చాలావరకు ఉండదు. కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఆ పళ్లెంలోనివన్నీ ఒకేసారి గిన్నెలో గుమ్మరించడం. అలా చేస్తే వంటవాడు రాత్రంతా మరగబెట్టిన రసం ఎలా ఉందో మీకు ఎన్నటికీ తెలియదు. ముందు ఏమీ కలపకుండా మూడు చెంచాల రసం తాగాలి. తరువాత కాస్త నిమ్మరసం పిండి ఏం మారిందో చూడాలి, ఆ తరువాత ఆకులు తుంచి వేయాలి, సాస్‌ల వంతు చివరికి. ఒక్క గిన్నెలోనే మూడు నాలుగు దశలు తెలుస్తాయి. ఇంట్లో వండేటప్పుడు ఏది తక్కువైందో గుర్తుపట్టగలిగేది ఈ సాధన వల్లే.

తినే పద్ధతి కూడా వంటకంలో భాగమే. యునెస్కో 2013లో కొరియాకు చెందిన కిమ్‌జాంగ్‌ను తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గుర్తింపు ఇచ్చింది కిమ్చి అనే పులిసిన కూరగాయల పచ్చడికి కాదు, దాన్ని కలిసి తయారు చేసుకుని పంచుకునే ఆచారానికి. 2020లో సింగపూర్ హాకర్ సంస్కృతి, అంటే చిన్న ఆహారపు అంగళ్ల దగ్గర కలిసి తినే అలవాటు విషయంలోనూ అంతే. అందువల్ల పక్క బల్లవారు ఎలా తింటున్నారో గమనించడం మర్యాద లోపం కాదు, తేరిపార చూడకుండా ఉంటే చాలు. థాయిలాండ్‌వారు అన్నాన్ని చెంచాతో తింటారు; ఫోర్క్ పని అన్నాన్ని చెంచాలోకి నెట్టడమే, చాప్‌స్టిక్స్ ఎక్కువగా నూడుల్స్‌కే వాడతారు. జపాన్ భోజనశాలలో చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించకూడదు. రెండూ అక్కడి అంత్యక్రియల ఆచారాలను గుర్తుచేస్తాయి. ఇథియోపియా పళ్లెంలో ఇంజెరాయే కంచం, ఇంజెరాయే చెంచా. కుడిచేత్తో దాని ముక్క తుంచి కూరను పట్టుకోవాలి. కూరల రసం పీల్చుకున్న అడుగు ముక్క చివరికి మిగులుతుంది, పళ్లెం మొత్తంలో రుచైనది అదేనని నా అభిప్రాయం. అక్కడ భోజనం తరువాత కాఫీ వేడుక ఉంటే మూడు దఫాలుగా పోస్తారు కాబట్టి తొందర పనులు పెట్టుకుని వెళ్లకూడదు.

4. కనిపించని చేప, కనిపించని కొవ్వు

శాకాహారులకూ, ఏదైనా పదార్థం పడనివారికీ ఈ అంచె ముఖ్యం. మెనూలో "కూరగాయలతో" అని ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. మిసో సూప్‌కు ఆధారమైన దాషి అనే రసాన్ని తరచుగా ఎండబెట్టిన బొనీటో చేప పొరలతో తీస్తారు. థాయ్ బొప్పాయి సలాడ్‌లో చేప సాస్ ఉంటుంది, ఎండు రొయ్యలూ ఉండవచ్చు. కిమ్చిలో ఉప్పులో ఊరిన రొయ్యలో, చేప సాసో కలుపుతారు. మెక్సికో వంటలో నూరి వేయించిన చిక్కుడు గింజల ముద్దకు పంది కొవ్వు వాడే ఆనవాయితీ ఉంది. ఇటలీ పార్మిజానో రెజ్జానో చీజ్‌ను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే గడ్డకట్టిస్తారు, కాబట్టి కచ్చితమైన శాకాహారులకు అది పనికిరాదు.

"ఇది శాకాహారమా?" అన్న ప్రశ్నకు మాంసం ముక్కలు లేవన్న అర్థంలో ఔనని జవాబు రావచ్చు. "ఇందులో చేప సాస్ ఉందా? రసం దేనితో తీశారు? వేయించినది ఏ కొవ్వులో?" అని విడివిడిగా అడగాలి. వేరుశనగ, నువ్వులు, పీతలు, రొయ్యలు వంటివి తింటే ప్రాణం మీదికి వచ్చేవారు ఆ పదార్థాల పేర్లను ఆ దేశపు భాషలో రాయించుకున్న కాగితాన్ని వంటగదిలోకి పంపించడం అన్నింటికంటే నమ్మదగిన మార్గం. ఇథియోపియా భోజనశాలలు శాకాహారులకు ఒక వరం. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఇతర ఉపవాస దినాల్లోనూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు కాబట్టి పప్పులతోనూ, ఆకుకూరలతోనూ నిండిన "బెయాయినెటు" అనే ఉపవాసపు పళ్లెం దొరుకుతుంది.

5. దుకాణంలో మొదటి రోజు

మొదటి రోజు ఏమీ కొనకూడదన్న నియమం పెట్టుకోవడం మంచిది. రద్దీ లేని వేళలో వెళ్లి, అరలను వరుసగా చూస్తూ నడవండి. ఏ సరుకుకు ఒక అర మొత్తం కేటాయించారో, ఒకే పదార్థం పది పదిహేను రకాల పేర్లతో ఎక్కడ బారులు తీరిందో గమనిస్తే ఆ వంటశైలి దేని మీద నిలబడిందో తెలిసిపోతుంది. కొరియా దుకాణంలో గోచుజాంగ్ అనే మిరప ముద్ద ఎర్రని డబ్బాలు, వియత్నాం దుకాణంలో చేప సాస్ సీసాలు, పశ్చిమాసియా దుకాణంలో నువ్వుల ముద్ద అయిన తహీనీ డబ్బాలు ఇలా కనిపిస్తాయి. దుమ్ము పట్టిన అరలోని సరుకు ఎంత ఆకర్షణగా ఉన్నా కొనవలసిన పని లేదు; అది అక్కడివారికే అక్కర్లేకపోయింది.

తరువాత వెనక వైపున్న చల్లని అరల దగ్గరికి వెళ్లాలి. టోఫు, తాజా నూడుల్స్, కిమ్చి, ఆకులు అక్కడ ఉంటాయి, దుకాణం నాణ్యత తేలేదీ అక్కడే. తాజా సరుకు వారంలో ఏ రోజు దిగుతుందో కనుక్కుని, ఆ మరునాడు వెళ్లడం అలవాటు చేసుకోండి. ఒక సీసా ముందు మీరు తటపటాయిస్తూ నిలబడినప్పుడు పక్కనే సరుకులు ఏరుకుంటున్న పెద్దావిడను అడిగితే దుకాణదారు కంటే ఓపికగా చెబుతారు, తాము ఏది వాడతారో, దేన్ని ముట్టరో కూడా.

6. లేబుల్ చదవడం

డబ్బు వృథా కావడమో, మిగలడమో ఇక్కడే తేలుతుంది.

చేప సాస్ సీసా వెనక నెత్తళ్లు, ఉప్పు తప్ప మరేమీ ఉండకపోవడం ఉత్తమం. కొంచెం చక్కెర ఉన్నా ఫరవాలేదు. వియత్నాం సీసాల మీద 30, 40 వంటి అంకెల పక్కన "ఎన్" అన్న అక్షరం కనిపిస్తుంది. అది లీటరుకు ఎన్ని గ్రాముల నత్రజని ఉందో చెప్పే కొలత. అంకె పెరిగేకొద్దీ సాస్ చిక్కగా, రుచిలో బరువుగా ఉంటుంది. వంటలోకి తక్కువ అంకెదీ, ముంచుకుని తినడానికి ఎక్కువ అంకెదీ వాడితే సరిపోతుంది.

సోయా సాస్‌లో సోయా, గోధుమ, ఉప్పు, నీరు ఉంటే అది నెలల తరబడి పులిసినది. "హైడ్రొలైజ్డ్" అన్న మాటా, కారమెల్ రంగూ ఉంటే అది సాధారణంగా ఆమ్లంతో కొద్ది రోజుల్లోనే తయారైనది. జపాన్ సాస్‌లలో లేత రంగుదైన ఉసుకుచిలో ఉప్పు తక్కువని అనుకుంటారు, నిజానికి ముదురు రంగుదాని కంటే దానిలోనే ఉప్పు ఎక్కువ.

ఆలివ్ నూనెలో "ఎక్స్‌ట్రా వర్జిన్" అంటే స్వేచ్ఛా ఆమ్లత 0.8 శాతానికి మించకూడదు. వెలుతురు దాని శత్రువు కాబట్టి ముదురు రంగు సీసానో, డబ్బానో తీసుకోవాలి. కోత కాలం ముద్రించి ఉంటే అది మంచి గుర్తు. బాల్సామిక్ వినిగర్‌లో "త్రాదిజియోనాలె" అన్న మాట ఉన్న ఇటలీలోని మోదెనా రకాన్ని కనీసం 12 ఏళ్లు చెక్క పీపాల్లో మాగబెడతారు, ఆ మాట లేని మామూలు మోదెనా రకానికి 60 రోజులే కనీస గడువు. ధరల్లో ఉన్న తేడాకు కారణం అదే, సలాడ్‌లో కలుపుకోవడానికి రెండోది చాలు. పార్మిజానో చీజ్‌కు కనీసం 12 నెలలు మాగాలన్న నియమం ఉంది, పైతొక్క చుట్టూ దాని పేరు చుక్కలతో అచ్చువేసి ఉంటుంది. ముక్క కొనేటప్పుడు ఆ తొక్క ఉన్న వైపు అడిగి తీసుకోండి. తొక్కను సూప్‌లో వేసి మరిగిస్తే మంచి రుచి వస్తుంది. జపాన్‌వారి ఘాటు ముద్ద వాసబీ గొట్టంలో తరచుగా ఉండేది ఆకుపచ్చ రంగు వేసిన హార్స్‌రాడిష్ వేరు అన్న సంగతీ లేబులే చెబుతుంది.

పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన పదార్థం ఒకటి కాదు. టోర్టియాల కోసం నేను ఒకసారి మాసా హరీనా దొరకక మామూలు మొక్కజొన్న పిండి తెచ్చాను. ఎంత నీరు పోసినా ముద్ద కట్టలేదు, నొక్కిన ప్రతి రొట్టె అంచుల దగ్గర నుంచి పగిలిపోయింది. మాసా హరీనాకు వాడే మొక్కజొన్నను ముందు సున్నపు నీటిలో ఉడికించి నానబెడతారు. ముద్దకు జిగి వచ్చేది ఆ సున్నం వల్లనే. ఆ పని జరగని పిండికి ఎంత నైపుణ్యమూ ప్రత్యామ్నాయం కాదు.

తేదీలను చదవడం వేరే విద్య. జపాన్, కొరియా, చైనా సరుకుల మీద ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు ఉంటాయి. అమెరికా సరుకుల మీద నెల ముందు వస్తుంది. థాయ్ పొట్లం మీద 2569 అని ఉంటే భయపడనక్కర్లేదు, అది బౌద్ధ శకం, 543 తీసివేస్తే 2026 వస్తుంది. తైవాన్ సరుకు మీద 115 అని ఉంటే దానికి 1911 కలపాలి, అదీ 2026. దిగుమతిదారులు అసలు లేబుల్ మీద అంటించే కాగితం కొన్నిసార్లు పదార్థాల జాబితాను కప్పేస్తుంది. పడని పదార్థాలు ఉన్నవారు రెండింటినీ చూడాలి; పైగా లేబుల్ మీద తప్పనిసరిగా చెప్పవలసిన పదార్థాలు ఐరోపా సమాఖ్యలో 14 రకాలైతే, 2023లో నువ్వులు చేరాక అమెరికాలో 9 రకాలు, అంటే జాబితా దేశాన్ని బట్టి మారుతుంది.

7. ఇంటికి తెచ్చాక కొన్ని జాగ్రత్తలు

కిమ్చి సీసాలో ఉన్నప్పుడూ పులుస్తూనే ఉంటుంది, వాయువు పుడుతూనే ఉంటుంది. మొదటిసారి కొన్నప్పుడు ఈ సంగతి తెలియక నేను దాన్ని సంచిలో పెట్టుకుని రెండు గంటలు ఎండలో తిరిగి, ఇంటికొచ్చి బల్ల మీద మూత తీశాను. ఎర్రటి నీరు పొంగి గోడ దాకా చిమ్మింది. అప్పటినుంచి దాన్ని సింకులోనే, నెమ్మదిగా తెరుస్తున్నాను. చల్లని సరుకులను ఆఖరున కొని, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

కొన్ని సరుకుల విషయంలో జాగ్రత్త ఆరోగ్యానికి సంబంధించినది. చేదు రకం కర్రపెండలంలో సయనైడ్‌ను పుట్టించే పదార్థాలు ఉంటాయి కాబట్టి దాన్ని సరైన శుద్ధి లేకుండా తినకూడదు. ఎండు రాజ్మా గింజలను నానబెట్టి, ఆ నీరు పారబోసి, కనీసం 10 నిమిషాలు పెళపెళ మరిగించాలి. అంత వేడి ఎక్కని పాత్రలో సన్నని సెగ మీద ఉడికిస్తే వాటిలోని విషపదార్థం పోదు. జమైకావారి అకీ పండు పూర్తిగా పండకముందు విషం, డబ్బాలో దొరికేది తీసుకోవడమే క్షేమం. పచ్చిగా తినే చేపను ముందుగా గడ్డకట్టించి పరాన్నజీవులను చంపినదా అని అమ్మేవారిని సూటిగా అడగాలి; జవాబు తడబడితే ఆ చేపను వండుకునే తినాలి.

8. ఇంటి వంట, మళ్లీ భోజనశాల

ఒక సీసా కొనే ముందు దానితో చేయగల మూడు పనులు చెప్పుకోగలగాలి. చెప్పుకోలేకపోతే కొనవద్దు. మిసో కొన్నారనుకోండి: సూప్, వంకాయ ముక్కల మీద పూసి కాల్చడం, సలాడ్‌లో కలిపే సాస్. మొదటిసారి చిన్న పొట్లమే తీసుకోవాలి. ముదురు ఎర్ర మిసో కంటే లేత రంగుదానితో మొదలుపెట్టడం సులువు, దానిలో ఉప్పు కొంత తక్కువ, తీపి కొంత ఎక్కువ. దాన్ని గరిటెలో కాస్త రసంతో కరిగించి, పొయ్యి ఆపాక గిన్నెలో కలపాలి. మరుగుతున్న రసంలో వేస్తే సువాసన ఆవిరైపోతుంది.

మొదటి ప్రయత్నంలో కొత్త దినుసు ఒక్కటే ఉండాలి, మిగిలినవన్నీ మీకు అలవాటైనవే కావాలి. ఏది కుదరలేదో అదే రోజు ఒక కాగితం మీద రాసి, ఆ సీసాకే అంటించండి: "ఉప్పు ఎక్కువైంది, సగం చాలు", "వాసన రాలేదు, ముందే వేశాను". వారం తిరక్కుండా అదే భోజనశాలకు వెళ్లి అదే వంటకాన్ని మళ్లీ తెప్పించుకోవాలి. ఈసారి మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. రద్దీ తగ్గాక, "నేను చేసిన ఫోకు ఈ తీపి రాలేదు, మీరు ఉల్లిపాయను ఎంతసేపు మాడుస్తారు?" అని అడగండి. నేను అలా అడిగినప్పుడు వంటాయన లోపలికి వెళ్లి, బొగ్గులా నల్లబడిన ఒక ఉల్లిపాయను పట్టకారుతో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. నేను అప్పటిదాకా దాన్ని గోధుమ రంగు రాగానే దించేస్తున్నాను.